గొట్టంలో నలభై మీటర్లు

"మా కోడలు కొండకి కాపలా కాస్తుంది" అని మా అత్తగారు పక్కింటావిడతో అంటున్నప్పుడు నేను బట్టలు ఆరేస్తున్నాను. దాన్ని ఎగతాళి అనుకోవడానికి లేదు, పొగడ్త అనుకోవడానికి అంతకన్నా లేదు. కోడలు ఏం చేస్తుందని అడిగినవాళ్ళకి ఆవిడ మాత్రం ఏదో ఒకటి చెప్పాలి కదా. ఆ మాట ఆ రోజే క్వార్టర్లన్నీ తిరిగొచ్చింది. అప్పటినుంచీ నేను కొండ కాపలానే. కూరగాయల దగ్గర నిలబడితే కొండ ఎలా ఉందని అడిగేవాళ్ళు. ఉంది అనేదాన్ని.

నిజానికి నా పని అంత చెప్పలేనిదేం కాదు. మా క్వార్టర్లకి వెనకే కొండ. దాని లోపలినుంచి విద్యుత్ కేంద్రానికి నీళ్ళ సొరంగం పోతుంది. సొరంగం తవ్విన దగ్గర్నుంచీ కొండవాలు ఎక్కడ జారుతుందోనని కంపెనీకి భయం. అందుకని మూడేళ్ళ కిందట వాలు మీద అటూ ఇటూ మలుపులు తిప్పుతూ పన్నెండు వందల మీటర్ల కందకం, మోకాలి లోతున తవ్వించి, కేబుల్ పాతిపెట్టారు. కేబుల్లో ఉండేది వెంట్రుకంత గాజుతీగ, ఆప్టికల్ ఫైబర్. కింద గదిలో ఉన్న యంత్రం అందులోకి వెలుగు పంపిస్తుంది. తీగ పొడవునా ప్రతి చోటినుంచీ అందులో రవ్వంత వెనక్కి వస్తుంది. నేల జరిగి తీగని లాగితే ఆ వెనక్కొచ్చే వెలుగు మారుతుంది. ఎన్నో మీటరు దగ్గర ఎంత సాగిందో తెర మీద గీతలా కనిపిస్తుంది. గోడలు పగలడానికి వారాల ముందే ఇక్కడ తెలిసిపోతుంది. షరతు ఒకటే. తీగని మట్టి గట్టిగా పట్టుకుని ఉండాలి. నేలకి ఏం జరిగితే తీగకీ అదే జరగాలి. పట్టు లేకపోతే పక్కనే కొండ నడిచి వెళ్ళిపోయినా దానికి పట్టదు.

ఈ గీత చూడటానికి గదిలో ఇద్దరం. రెండోవాడు పెళ్ళికాని కుర్ర ఇంజనీరు, ఎనిమిదిన్నరకి తల దువ్వుకుని వస్తాడు. నేనూ ఎనిమిదిన్నరకే వస్తాను. కాకపోతే అప్పటికి నాకు సగం రోజు అయిపోయి ఉంటుంది. ఐదింటికి లేవడం, మూడు రకాల టీలు, అంటే అత్తగారికి చక్కెర లేకుండా, ఆయనకి చక్కెర ఉండి, నాకు చల్లారిపోయి. తర్వాత వంట, డబ్బాలు, ఇస్త్రీ, ఆయన కనిపించలేదన్న ప్రతి వస్తువూ ఆయన ఎదురుగా ఉన్నచోటే చూపించడం. మా ఆయన మంచివారు. ఈ సంగతి పెళ్ళయినప్పటి నుంచీ పది మందీ నాకు చెబుతూనే ఉన్నారు. తాగరు, కొట్టరు, గట్టిగా అరవరు. చేయనివాటి లెక్కన చూస్తే ఆయనంత మంచివారు లేరు. కంపెనీలోనే ఉద్యోగుల విభాగంలో అధికారి, ఎవరికి ఏ క్వార్టరు ఇవ్వాలో ఆయన చేతిలో పని. "నీదేముంది, ఏసీ గదిలో తెర చూస్తూ కూర్చోవడమేగా" అంటారు. ఆయనదీ ఏసీ గదే. ఆయనా తెరే చూస్తారు. ఇది నేను పైకి అనలేదు.

ఈ ఏడు వానలు ముందే మొదలై వదలకుండా కురిశాయి. మూడో వారంలో గీత లేచింది. మూడు వందల పదో మీటరుకి ఇటూ, మూడు వందల యాభయ్యో మీటరుకి అటూ రెండు మూపురాలు, రోజురోజుకీ కొంచెం కొంచెం పెరుగుతూ. మధ్యలో నలభై మీటర్లు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. సరిగ్గా ఆ నలభై మీటర్ల కిందే క్వార్టర్లు, ఇరవై రెండు ఇళ్ళు. అందులో పద్నాలుగోది మాది. మా పెద్దసారు, అంటే ఈ విభాగానికి అధిపతి, తెర చూసి హమ్మయ్య అన్నారు. కదలిక ఉన్నది పక్కల పొదల్లో, ఇళ్ళ పైన అంతా బాగుంది, భయపడాల్సిందేం లేదు అని పైవాళ్ళకి ఉత్తరం రాశారు. కుర్ర ఇంజనీరు కూడా తల ఊపాడు. నేనూ ఊపాను. తల ఊపడంలో నాకు మంచి అనుభవం ఉంది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే గిన్నెలు తోముతుంటే చెయ్యి ఆగిపోయింది. నేల ఎప్పుడూ అంత నున్నగా ఉండదు. ఎండకి, వానకి, చెట్టు వేరు లావెక్కినా సరే, గీత కాస్త గరుగ్గానే ఉంటుంది. అటూ ఇటూ ఉన్న మట్టి జారుతుంటే మధ్యలో మట్టి మడి కట్టుకుని కూర్చోదు. అక్కడ కదలిక లేక కాదు, అక్కడ తీగకి నేల తగలక. మేం ఏమీ తెలియకపోవడాన్ని ఏమీ లేదని చదువుకుంటున్నాం. ఆ వెనకే, ఆ నలభై మీటర్లూ ఎవరి పర్యవేక్షణలో పూడ్చారో కూడా గుర్తొచ్చింది. నా పర్యవేక్షణలోనే.

మూడేళ్ళ కిందట, ఆ ముక్క పూడ్చిన రోజుకి మర్నాడే తనిఖీ ఉంది. సాయంత్రంలోగా కందకం పూడ్చాలి. కేబుల్ చుట్టూ మెత్తటి మట్టి కూరి, దిమ్మిసతో కొట్టి, పట్టు చూసి, ఐదు మీటర్లకొకసారి పైన గునపంతో గట్టిగా మోదితే కింద తెర మీద ఆ దెబ్బ కనిపించాలి. అది చూసి నేను కాగితం మీద సంతకం పెట్టాలి. పదకొండున్నరకి మా ఆయన ఫోన్ చేశారు. వాళ్ళ పెదనాన్నగారి వాళ్ళు దారిలో ఉన్నారు, పదకొండు మంది, భోజనానికి దిగుతున్నారు, అమ్మ ఒక్కతే చేసుకోలేదు. పని మధ్యలో ఉన్నానన్నాను. ఒక్క గంట వచ్చి వెళ్తే కొంపలేం మునిగిపోవన్నారు. సంతకం లేకపోతే కూలీల ముఠా పని ఆపేసి కూర్చోవాలి. గంటలో వచ్చి చూసుకుంటానులే అని ముందే సంతకం పెట్టేశాను. "మట్టి పట్టు సరిచూశాను" అని అచ్చు వేసిన వాక్యం కింద. వడ్డించి, ఎత్తి, కడిగి, పెదనాన్నగారి కాళ్ళకి దణ్ణం పెట్టి వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. కందకం పూడ్చేసి ఉంది. మళ్ళీ తవ్వండి అనడానికి నాకు మొహం చెల్లలేదు.

ఇప్పుడు తోముతున్న గిన్నెలు అలాగే వదిలేసి గునపం అక్క కోసం వెళ్ళాను. కందకం తవ్విన ముఠాకి ఆవిడ మేస్త్రీ. యాభై దాటిన మనిషి, భుజం మీద గునపం లేకుండా ఆవిడని ఎవరూ చూడలేదు. వాలు మీద ఐదు మీటర్లకొక అంకె కర్ర పాతి ఉంటుంది. ప్రతి కర్ర దగ్గరా మోదమని చెప్పి, ఫోన్ చేతికిచ్చి పైకి పంపించి, నేను తెర ముందు కూర్చున్నాను. యంత్రాన్ని దెబ్బలు పట్టే పద్ధతికి మార్చాను. రెండు వందల తొంభై దగ్గర మోదింది, గీత ఎగిరింది. మూడు వందల దగ్గర ఎగిరింది. మూడు వందల ఐదు దగ్గరా ఎగిరింది. తర్వాతి కర్ర దగ్గర ఊరుకుంది.

"కొట్టానమ్మా. కనిపించానా?"

"లేదక్కా. ఇంకోసారి."

ఇంకోసారి కొట్టింది. ఆ చప్పుడు నాకు కిటికీలోంచి కూడా వినిపించింది. తెర మీద ఈగ వాలినంత కూడా లేదు.

"ఇప్పుడో? ఇంతకన్నా గట్టిగా కొడితే కింద ఇళ్ళల్లో గిన్నెలు పడతాయమ్మా."

లేదన్నాను. అలా కర్ర కర్రకీ ఆవిడ కనిపించానా అనడం, నేను లేదనడం. మూడు వందల యాభై దాటాకే మళ్ళీ కనిపించింది. కిందకి దిగొచ్చి మొహం తుడుచుకుంటూ తనే చెప్పింది. ఆ రోజు ఆ ముక్కలో కందకం నిండా పదునైన రాళ్ళు తగిలాయట. మెత్తటి మట్టి అయిపోయింది. అడుగుదామంటే నేను లేను. తీగ సున్నితమైంది, జాగ్రత్త జాగ్రత్త అని పొద్దుట్నుంచీ నేనే వాళ్ళ చెవిలో పోరుపెట్టాను. రాళ్ళకి తెగుతుందేమోనని, నీళ్ళ గొట్టం ముక్కలు కనిపిస్తే కేబుల్‌ని వాటిలో దూర్చి పైన రాళ్ళు పోసి పూడ్చారు. "మంచి పనే చేశామనుకున్నామమ్మా. మీరు చూసి మెచ్చుకుంటారని కూడా అనుకున్నాం" అంది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. గొట్టంలో పెడితే తీగకి ఏమీ కాదు. ఏమీ కాకపోవడమే దాని పాలిట చేటని చెప్పడానికి నేను అక్కడ లేను.

పెద్దసారు నా మాట ఓపిగ్గా విన్నారు. టీ కూడా తెప్పించారు. అటూ ఇటూ రోజుకి రెండు మిల్లీమీటర్లు జారుతోంది, మధ్యలో ఎంతో మనకి తెలియదు, తెలిసేదాకా ఇళ్ళు ఖాళీ చేయించాలన్నాను. ఆయనకి అంతకన్నా సులువైన దారి తోచింది. పది రోజుల్లో వానలు తగ్గుతాయి. అప్పుడు గొట్టం తీసేసి మట్టి కూరి, ఆ రోజు కొలతనే కొత్త మొదటి కొలతగా పెట్టుకుందాం అన్నారు. మా పనిలో ఏ తేడా అయినా మొదటి కొలతతోనే పోల్చి చెబుతాం. మొదటి కొలత మార్చేస్తే అప్పటిదాకా కొండ ఎంత జారినా అదంతా సున్నా. "మీ సంతకం గొడవ కూడా ఎవరికీ తెలియదు కదమ్మా, మీ మంచికే చెబుతున్నా" అన్నారు. ఆలోచిస్తానని లేచాను. నేను ఇల్లు చేరేలోపే ఆయన మా ఆయనకి ఫోన్ చేసి, మేడమ్‌కి కాస్త నచ్చజెప్పమన్నారు. నా ఉద్యోగానికి సంబంధించిన మాట నాకన్నా ముందు నా ఇంటికి చేరిపోయింది.

మా ఆయన సోఫాలో కూర్చుని ఉన్నారు. అత్తగారు బల్ల దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఇరవై రెండు కుటుంబాలని సామాన్లు సర్దుకుని పొండని చెప్పాల్సింది తనే అన్నారు ఆయన. తీరా కొండ కూలకపోతే తన మొహం ఎక్కడ పెట్టుకోవాలన్నారు. కూలితే ఎక్కడ పెట్టుకుంటారని అడిగాను. ఆయన మెల్లగా అన్నారు.

"అసలు చూడకుండా ఆ సంతకం ఎందుకు పెట్టావు?"

"మీరు రమ్మన్నారు."

"రమ్మన్నాను. సంతకం పెట్టమన్నానా?"

అందులో తప్పు పట్టడానికి లేదు. పద్నాలుగేళ్ళుగా ఆయన మాటల్లో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. ఆయన రమ్మంటారు, వెళ్ళిన దానికి మూల్యం నాది. ఆయన కాస్త మెత్తబడి, పోనీ ఒంట్లో బాగాలేక వెళ్ళానని రాసేయమన్నారు. జరిగిందేదో జరిగింది, ఇక్కడ్నుంచి కొత్తగా మొదలుపెట్టుకో అన్నారు. అప్పుడు వచ్చింది నాకు కోపం. ఆ మాట అంతకుముందు ఎన్నిసార్లు విన్నానో గుర్తొచ్చి వచ్చింది. ఆడపడుచు పురుడుకి నెల రోజులు ఇంట్లో ఉండాల్సొచ్చి పై ఊళ్ళో శిక్షణ పోగొట్టుకున్నప్పుడు అదే మాట. నాకు రావాల్సిన పదోన్నతి పక్క గది అతనికి పోయినప్పుడు అదే మాట. స్నేహితుల ముందు దీనికి కాలక్షేపం ఉద్యోగంలెండి అని నవ్విన మర్నాడు, నేను ముభావంగా ఉంటే, ఇంకా అదే పట్టుకుని కూర్చున్నావా అన్నారు. ప్రతిసారీ నేను సరేనని మర్నాడు ఐదింటికి లేచి మూడు రకాల టీలు పెట్టాను. ప్రతిసారీ అదే నా కొత్త మొదటి కొలత. అందుకే మా కాపురంలో ఎప్పుడు చూసుకున్నా కదలిక సున్నా. అందరూ చూసి ముచ్చటపడే గీత మాది.

ఆఫీసులో మా గది గోడకి ఒక నిబంధనల పట్టిక ఉంది. ఇళ్ళ పైన ఉన్న కేబుల్ ఏ ముక్కయినా పనిచేయడం లేదని తేలితే, బాగుచేసి కొలత వచ్చేదాకా ఇళ్ళు ఖాళీ చేయించవచ్చు. దానికో ఎర్ర కాగితం ఉంటుంది, డ్యూటీలో ఉన్నవాళ్ళ సంతకం చాలు, ఎవర్నీ అడగనక్కర్లేదు. దాన్ని ఇంతవరకూ ఎవరూ వాడలేదు. పొద్దున ఎనిమిదిన్నరకి వెళ్ళి, ఎనిమిదీ నలభైకి ఆ ఎర్ర కాగితం నింపాను. ఇళ్ళు ఖాళీ చేయించాల్సిన అధికారి అన్నచోట మా ఆయన హోదా రాశాను.

మధ్యాహ్నానికి ఇరవై రెండు కుటుంబాలూ కంపెనీ శిక్షణ హాల్లో ఉన్నాయి. మా ఆయన నా సంతకం ఉన్న కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారట. తిట్లన్నీ నాకే అనుకోండి. కొండ కాపలా పెట్టిన కార్చిచ్చు అని ఒకావిడ అంటే నేను విన్నాను. ఎవరి మంచం ఎక్కడ వేయాలి, ఎవరి పొయ్యి ఎవరు వాడాలి అని సాయంత్రం దాకా కీచులాటలు. నేను ఆ గొడవలో లేను. వానలో కొండ మీద గునపం అక్కతో ఉన్నాను. ఆవిడ కందకం తెరిచి గొట్టం కోసింది. మెత్తటి మట్టి బస్తాల్లో మోయించుకుని గుప్పెడు గుప్పెడుగా కూరాం. ఈసారి ప్రతి కర్ర దగ్గరా మోదితే కనిపించింది. నా మోకాళ్ళదాకా బురద. ఇంటికెళ్ళి అన్నం పెట్టమని ఆ రోజు ఎవరూ ఫోన్ చేయలేదు. పెట్టడానికి ఇల్లు లేదు కాబట్టి.

పాత మొదటి కొలతలు మార్చనివ్వలేదు. బాగుచేసిన ముక్కకి మాత్రం ఆ రోజునుంచి కొలత మొదలైంది. మూడో రోజుకి మధ్యలో గీత లేచింది, అటూ ఇటూ ఉన్న మూపురాలని దాటి. రోజుకి నాలుగు మిల్లీమీటర్లు. పెద్దసారు తెర ముందు చాలాసేపు నిలబడి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. హాల్లో తిట్లు ఆగిపోయాయి. కార్చిచ్చు అన్నావిడ నాకు కుర్చీ ఇచ్చింది. ఇళ్ళు ఇక ఉండటానికి పనికిరావని పైవాళ్ళు తేల్చి, వేరే చోట కట్టిస్తామన్నారు. నన్ను ఎవరూ మెచ్చుకోలేదు గానీ, మూడేళ్ళు ఆ ముక్క ఎందుకు పనిచేయలేదో తేల్చడానికి విచారణ వేశారు. అది న్యాయమే. సంతకం నాదే.

విచారణ ముందురోజు, హాల్లో దుప్పటి అడ్డం కట్టిన మా మూలలో, మా ఆయన గొంతు తగ్గించి బతిమాలారు. వ్యక్తిగత కారణాల వల్ల వెళ్ళానని చెప్పు చాలు, ఎవరూ గుచ్చి అడగరు, ఇంట్లో విషయాలు ఆఫీసు కాగితాల్లోకి ఎక్కితే పరువు పోతుంది అన్నారు. పదకొండు మంది భోజనానికి వచ్చారని చెబితే పరువెలా పోతుందని అడిగాను. చాప మీద పడుకుని ఉన్న మా అత్తగారు అటు తిరిగే అన్నారు.

"పదకొండు కాదమ్మాయ్, పన్నెండు. చివర్లో డ్రైవరు కూడా తిన్నాడు. చెప్పేదేదో సరిగ్గా చెప్పు."

మా ఆయన వాళ్ళమ్మ వీపు వైపు చూస్తూ ఉండిపోయారు. ఆవిడ ఎన్ని వందల మందికి వడ్డించి ఉంటుందో, ఒక్క లెక్కా మర్చిపోయినట్టు లేదు.

విచారణకి ముగ్గురు మగవాళ్ళు, రాసుకోవడానికి ఒక గుమాస్తా. మర్యాదగా కూర్చోమన్నారు. సంతకం నాదేనా అన్నారు, నాదే అన్నాను. చూడకుండా పెట్టారా అన్నారు, చూడకుండానే పెట్టానన్నాను. తప్పు నాదే, శిక్ష ఏదైనా తీసుకుంటానన్నాను. ఆ మూడు గంటలూ ఎక్కడున్నారని ముగ్గురిలో మధ్యన కూర్చున్నాయన అడిగారు. ఇంట్లో ఉన్నానన్నాను. భర్త ఫోన్ చేసి పిలిచారు, ఆయన తరఫు బంధువులు వచ్చారు, పన్నెండు మందికి వడ్డించడానికి వెళ్ళానన్నాను. మధ్యన కూర్చున్నాయన ఇబ్బందిగా కదిలి, అర్థమైంది, అర్థమైంది అన్నారు. ఆయన ఇంట్లోనూ బంధువులు వస్తుంటారు కాబోలు. గుమాస్తా వైపు తిరిగి, వ్యక్తిగత కారణాలు అని రాయండి అన్నారు. గుమాస్తా రాసేశాడు. అలవాటైన మాట, చెయ్యి ఆగలేదు.

"అది కొట్టేయండి" అన్నాను.

గుమాస్తా పెద్దవాళ్ళ వైపు చూశాడు. మధ్యలో ఆయన కలం కింద పెట్టి, ఏమ్మా, తప్పేముంది, ఇంటి పని వ్యక్తిగతమే కదా అన్నారు. గొంతులో కోపం లేదు, నిజంగానే అడుగుతున్నారు.

"వ్యక్తిగతం ఎలా అవుతుందండీ" అన్నాను. "ఆ పూట నేను అన్నం కూడా తినలేదు."